ఒక్కమోత గౌరునాయుడి నడుం పుస్తకం

మొదటి రోజు. బరువు నూటికి నలభై.

ఈ పుస్తకం రాయాల్సింది నిజానికి నేను కాదు. ఆరోగ్య సంఘం వాళ్ళు ఇంటికొకటి పంచారు. ఇంట్లో ఎవరి నడుము ఎలా ఉందో రోజూ సాయంత్రం రాయాలట. ఎడమ పేజీ మొగుడిది, కుడి పేజీ పెళ్ళానిది. మా ఆయన గౌరునాయుడు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నడుం గురించి రాయడానికేటుందే? ఉంది. ఎనకాల ఉంది," అని నా ఒళ్ళో పడేసి నీళ్ళ డబ్బాలు మోయడానికి వెళ్ళిపోయాడు. మూడో వీధికంతా నీళ్ళు మోసేది ఆయనే. నా పేరు సూరీడమ్మ. ఇదే వీధిలో దర్జీని. యాభై ఆరేళ్ళు. రెండు పేజీలూ నా నెత్తినే పడ్డాయి.

ఎందుకీ రాతలంటే, చక్రం వేగం పెంచుతున్నారు. మేమంతా పుట్టిందీ పెరిగిందీ ఆకాశంలో పోయే ఈ చక్రంలోనే. అది ఎంత జోరుగా తిరిగితే లోపలున్న మాకు అంత బరువు. ముత్తాతల కాలం నుంచీ నింపాదిగా తిరిగింది కాబట్టి తేలిగ్గా బతికేశాం. ఇప్పుడు ప్రయాణం ఆఖరికొచ్చింది. ఇంకో నాలుగు నెలల్లో కొత్తనేల చేరతాం. అక్కడి బరువు నూటికి నూరు. ఒక్కసారిగా దిగితే లేచి నిలబడలేమని, ప్రతి సోమవారం పొద్దున్నే సైరన్ వేసి మూడు నాలుగు పాళ్ళు పెంచుతారట. ఇవాళ మొదటి పెంపు. అలమరలో గిన్నెలు గణగణమన్నాయి. గంపలో కోళ్ళు ఉన్నవి ఉన్నట్టు చతికిలబడ్డాయి. అంతకు మించి ఏమీ కాలేదు.

ఎడమ పేజీ: బాగుంది. కుడి పేజీ: బాగుంది.

పదహారో రోజు. బరువు నలభై ఏడు.

మా ఆయన గొప్ప గురించి ఇక్కడ రాయకపోతే ముందు ముందు రాసేది ఎవరికీ అర్థం కాదు.

పూర్వం ఒక వీధి నుంచి ఇంకో వీధికి వెళ్ళే తలుపు తెరిచిన ప్రతిసారీ కొంత గాలి పోయేదట. అందుకని ఏది మోసినా ఒక్క విడతలో మొయ్యాలని పెద్దలు కట్టడి చేశారు. "తలుపు రెండోసారి తీసినవాడు పక్కవాడి ఊపిరి తిన్నాడు" అని మా నాయనమ్మ కూడా అనేది. తలుపులు బాగుచేసి అరవై ఏళ్ళయింది. గాలి ఎక్కడికీ పోవడం లేదు. ఆచారం మాత్రం చెక్కుచెదరలేదు. పెళ్ళిలో పెళ్ళికొడుకు పెళ్ళికూతురి సామానంతా ఒక్క మోతలో తన వీధికి తేవాలి. గరిట జారిపడినా ఆ ఇంటిని ఏడాది పాటు ఎగతాళి చేస్తారు.

మా పెళ్ళికి గౌరునాయుడు రెండు ట్రంకు పెట్టెలు, పరుపు, రోలు, నా కుట్టు మిషను, దాని మీద కోడిపుంజు, అన్నీ కలిపి ఒక్క విడతలో తెచ్చాడు. పుంజు కూడా కిక్కురుమనలేదు. అప్పటి నుంచీ ఆయన్ని ఒక్కమోత గౌరునాయుడు అంటారు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ పేరు మీదే బతుకుతున్నాడు. చంకలో ఒకటి, భుజాన ఒకటి, చేతికి రెండు చొప్పున ఒక్కో ఇంటికి ఆరు, ఒక్క విడతలో. అలా రోజుకి అరవై డబ్బాలు.

బరువు పెరుగుతోంది, డబ్బాలు తగ్గించు మావా అన్నాను. "డబ్బాకి తెలీదే బరువు పెరిగిందని, నాకెలా తెలుస్తాది?" అన్నాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడు.

ఎడమ పేజీ: సాయంత్రం గుమ్మం పట్టుకుని లేచాడు. అడిగితే గుమ్మం గట్టిగా ఉందో లేదో చూశానన్నాడు. కుడి పేజీ: బాగుంది.

ముప్ఫై ఎనిమిదో రోజు. బరువు యాభై ఏడు.

అనుకున్నంతా అయింది. ఆరు డబ్బాలూ పట్టుకుని, ఎవరో పిలిస్తే నడుం పైభాగం మాత్రం వెనక్కి తిప్పాడట. కాళ్ళు ముందుకి, మనిషి వెనక్కి. అలాగే నీళ్ళలో కూలబడ్డాడు. నలుగురు మోసుకొచ్చారు. పాపం, వాళ్ళు కూడా ఒక్క విడతలోనే తెచ్చారు.

నాకు ముందు భయం వేసింది, తర్వాత కోపం వచ్చింది. రాళ్ళుప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెడుతూ తిట్టాను. బోర్లా పడుకుని వింటూ, "కుడేపు కాసింత కిందకే" అంటున్నాడు, తిట్లు కాదు కాపడం సంగతి.

రజియా టీచరు వచ్చింది. వీధివీధికీ తిరిగి నడుముల సంగతి చెప్పే అమ్మాయి. పలచగా ఉంటుంది, గొంతు మాత్రం సైరన్. కాలు తిమ్మిరెక్కిందా, మడమలో బలం ఉందా, ఒంటేలుకి ఇబ్బందా అని అన్నీ అడిగి, కాలు ఎత్తించి చూసి, కండరం పట్టేసిందని తేల్చింది.

"మరి నెల్లాళ్ళు మంచం మీదే ఉంచీమంటావా టీచరమ్మా?" అన్నాను.

"నెల్లాళ్ళా? రెండ్రోజులు చాలప్పా. తర్వాత నొప్పి ఉన్నా ఇంట్లోనే నాలుగడుగులు నడవాలి. నడుముని మంచానికి అప్పజెప్పీస్తే మరి తిరిగివ్వదు."

పోతూ పోతూ ఒక డబ్బా తెప్పించి మొయ్యడం నేర్పింది. నడుం కాదు, మోకాళ్ళు వంచాలి. బరువుని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకోవాలి. చేతిలో బరువుండగా మెలి తిరగకూడదు, పాదాలతో సహా తిరగాలి. ఆఖరి మాట మెల్లగా అంది. "నాయుడు బావా, ఆరు డబ్బాలు మూడేసి చొప్పున రెండు విడతలు తెస్తే ఏమవుద్ది?"

మా ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ అమ్మాయి ఏదో బూతు మాట అన్నట్టు నాకే సిగ్గేసింది.

నలభై ఏడో రోజు. బరువు అరవై ఒకటి.

ఎడమ పేజీ: లేచి తిరుగుతున్నాడు. పక్క మీంచి లేచేటప్పుడు సర్రున లేవకుండా పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు కిందికి వదిలి, చేత్తో నొక్కుకుని లేస్తున్నాడు. మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకుంటున్నాడు. డబ్బాలు ఆరు నుంచి నాలుగుకి దిగాయి. రెండు విడతలు మాత్రం ససేమిరా. మిగతా రెండు డబ్బాలు పొరుగాయన చేత తెప్పిస్తున్నాడు. అది రెండో విడత కాదట, రెండో మనిషట.

మొగుణ్ణి మార్చినందుకు నా మీద నాకే ముచ్చటేసింది. పక్కింటి ఆడవాళ్ళకి కూడా నడుం పాఠాలు చెబుతున్నాను.

కుడి పేజీ: బాగుంది.

యాభై రెండో రోజు. బరువు అరవై నాలుగు.

ధాన్యం గేటు దగ్గర నోటీసు అంటించారు. చక్రం నుంచి కొత్తనేలకి మొదటి పడవలో ఎవరు దిగాలో తేల్చే పరీక్ష. పడవ ఆగే చోటు నుంచి గుడారాలు వేసే చోటికి రెండు కిలోమీటర్లు. బండ్లు ఉండవు. మన చక్రం చుట్టుకొలత కూడా సరిగ్గా రెండు కిలోమీటర్లే. కాబట్టి నూట ఇరవయ్యో రోజున, పూర్తి బరువు మీద, ఒక్కొక్కరూ పది కిలోల ధాన్యం ధాన్యం గేటు నుంచి చక్రం చుట్టూ మోసి మళ్ళీ ధాన్యం గేటుకి చేర్చాలి. పొద్దుటి గంటకీ సాయంత్రం గంటకీ మధ్య. ఒకరి ధాన్యం ఇంకొకరు మొయ్యకూడదు. మొయ్యలేనివాళ్ళు చక్రంలోనే ఉండిపోతారు. రెండో పడవ రెండేళ్ళ తర్వాత.

మా ఆయన్ని బావులు తవ్వేవాళ్ళ జట్టులో వేశారు. వాళ్ళు మొదటి పడవలో దిగి తీరాలి, నీళ్ళు లేకపోతే మిగతావాళ్ళు దిగి ఏం లాభం? కాబట్టి మా ఆయన నడుము నిలబడితే ఇద్దరం కలిసి దిగుతాం. లేకపోతే ఇద్దరం విడిపోతాం. పెళ్ళయ్యాక మేము ఒక్క రోజు కూడా వేరు వేరు కప్పుల కింద పడుకోలేదు. ఈ చక్రంలో వేరే కప్పు ఎక్కడుంది కనక, అనుకోండి. అయినా.

ఎడమ పేజీ మీద ఇంకా జాగ్రత్తగా ఉంటాను. కుడి పేజీ: బాగుంది.

అరవై నాలుగో రోజు. బరువు డెబ్భై ఒకటి.

రజియా టీచరు పుస్తకాలు తనిఖీ చెయ్యడానికి వచ్చింది. నేను మిషను మీద ఉన్నాను. దిగేవాళ్ళ కోసం మందపాటి దుస్తులు రెండు వందల పన్నెండు జతలు కుట్టాలి. పొద్దున్న కూర్చుంటే భోజనానికి లేవడం, మళ్ళీ కూర్చుంటే చీకటి పడే గంటకి లేవడం. ఆ అమ్మాయి పేజీలు తిప్పి తిప్పి నా వంక చూసింది.

"అప్పా, కుడి పేజీల్లో అరవై మూడు సార్లు బాగుంది అని ఉంది. ఒక్కసారి లేచి నిలబడు."

లేచాను. మొదటి ప్రయత్నంలో కాదు. మిషను బల్ల పట్టుకుని, కొంచెం ఆగి, మిగతాది లేచాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏటి ఎన్నాళ్ళు? కూకుని చేసే పనికి నడుం నొప్పేటి తల్లీ. మోసేవోళ్ళకి గానీ."

"కూర్చున్న నడుమే ఎక్కువ మోస్తుందప్పా. అందులోనూ నువ్వు గుడ్డలోకి దూరిపోయి కూర్చుంటావు." మిషను కింద రెండు చెక్కలు పెట్టించి ఎత్తు చేసింది. తువ్వాలు చుట్ట చుట్టి నా నడుం వెనక పెట్టింది. పాదాలు రెండూ నేలకి ఆనాలంది. అరగంట గంట కొట్టినప్పుడల్లా లేచి నాలుగడుగులు వెయ్యమంది. మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

నేను ఊ కొట్టాను. తను వెళ్ళగానే తువ్వాలు తీసి పక్కన పెట్టాను, కుట్టుకి అడ్డంగా ఉంది. రెండు వందల పన్నెండు జతలు గంట కొట్టినప్పుడల్లా లేస్తే పూర్తవుతాయా?

డెబ్భై రెండో రోజు. బరువు డెబ్భై అయిదు.

ఇది పడుకుని రాస్తున్నాను.

దారం రీలు కింద పడింది. నా బొటనవేలంత రీలు. కుర్చీలోంచి లేవకుండానే పక్కకి వాలి, మెలి తిరిగి, అందుకోబోయాను. నడుములో ఎవరో తాళం వేసినట్టయింది. ఊపిరి కూడా సగంలో ఆగింది. ఆరు డబ్బాలు మోసినవాడు పడ్డాడంటే అర్థం ఉంది. నేను దారం రీలుకి పడ్డాను.

గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. ఊరందరికీ పాఠాలు చెప్పాను.

మా ఆయన వచ్చి నన్ను నేల మీద చూసి చేతిలోవి వదిలేశాడు. డబ్బాలు జారవిడవడం నేను చూడడం అదే మొదలు. ఉప్పు తనే వేయించాడు. మాడ్చాడు. మాడిన ఉప్పయినా వేడి వేడే. ఈసారి ఆయన తిట్టాలి, నేను వినాలి, న్యాయంగా అయితే. ఆయన తిట్టలేదు. "కుడేపా, ఎడమేపా?" అని మాత్రం అడుగుతూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు.

ఎడమ పేజీ: బాగుంది. కుడి పేజీ: అబద్ధాలు రాశాను. రెండు నెలలుగా నొప్పి ఉంది.

డెబ్భై ఆరో రోజు. బరువు డెబ్భై అయిదు.

రజియా పరీక్ష చేసింది. నరం నొక్కుకోలేదు, భయం లేదంది. కానీ ఏళ్ళ తరబడి వంగిన నడుము, నలభై రోజుల్లో పది కిలోలు మొయ్యడానికి సిద్ధమవుతుందో లేదో చెప్పలేనంది. చెప్పలేను అనే మాటని మనుషులు ఎందుకు అంత మెత్తగా అంటారో.

తను వెళ్ళాక మా ఆయన అన్నాడు. "నువ్వు దిగకపోతే నానూ దిగను."

"బావులు?"

"బావులు ఎవుడైనా తవ్వుతాడు."

"నీళ్ళు లేక గుంటపిల్లలు నోళ్ళు ఎండబెట్టుకుంటే నా నడుం మీద ఒట్టేసి చెప్తావేటి, నా పెళ్ళాం కోసం తవ్వలేదని? దిగుతావు మావా. దిగి తీరాలి."

ఆయన బయటికి వెళ్ళిపోయాడు. రెండేళ్ళు ఎంతసేపు, కళ్ళు మూసి తెరిచినట్టు అయిపోతుంది అని ఇక్కడ రాశాను. రాసి కొట్టేశాను. ఈ పుస్తకంలో ఇక అబద్ధాలు వద్దు.

కుడి పేజీ: ఇంట్లో ఇరవై అడుగులు నడిచాను. గోడ పట్టుకుని.

ఎనభై ఏడో రోజు. బరువు ఎనభై రెండు.

మళ్ళీ మిషను మీద కూర్చుంటున్నాను. నూట నలభై జతలు పక్క వీధి దర్జీలు పంచుకున్నారు. మిగతావి నావే. ఈసారి తువ్వాలు చుట్ట నడుం వెనకే ఉంది.

మా ఆయనకి మాత్రం ఏదో అయింది. అరగంటకోసారి ఇంటికి వస్తున్నాడు. బుల్లి స్టీలు గ్లాసులో సగం నీళ్ళు పోసి, గుమ్మం పక్క అలమర మీద పెట్టి, వెళ్ళిపోతున్నాడు. నాకూ ఆ అలమరకీ మధ్య ఎనిమిది అడుగులు. నడుం నొప్పి మనిషిని, ఆ గ్లాసేదో చేతికిచ్చి పోవచ్చు కదా?

"చేతికిస్తే అరిగిపోతావేటి?" అన్నాను.

"అక్కడుంది. తాగు," అన్నాడు.

"చెంబుతో తెచ్చి ఇక్కడెట్టొచ్చు కదా, పూటకి సరిపోద్ది."

"అక్కడుందన్నానా, తాగు."

వెళ్ళిపోయాడు. నేను లేచి వెళ్ళి, ఆయన్ని తిట్టుకుంటూ తాగి వచ్చి కూర్చున్నాను. అరగంటకి మళ్ళీ గ్లాసు. విడిపోయే రోజులు దగ్గర పడుతుంటే మొగుడు ఇలా ముభావంగా తయారయ్యాడని నాకు చాలా కష్టంగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

కుడి పేజీ: నొప్పి కొంచెం తగ్గింది. ఎందుకో.

తొంభై తొమ్మిదో రోజు. బరువు ఎనభై తొమ్మిది.

నమూనా పరీక్ష. పది కిలోల బస్తా రజియా చెప్పినట్టే గుండెకి ఆనించుకుని, మోకాళ్ళ మీద లేచాను. లేవగలిగాను! వంద అడుగులు బాగానే నడిచాను. నూట యాభై దగ్గర నడుము వద్దంది. దించేశాను. రజియా బస్తాలో సగం ఒంపేసి మళ్ళీ ఇచ్చింది. అయిదు కిలోలతో అర కిలోమీటరు హాయిగా నడిచాను.

"అయిదు కిలోలంటే మొయ్యగలవప్పా," అంది.

"పరీక్ష పది కదా తల్లీ."

ఇద్దరం కాసేపు ఆ బస్తా వంక చూస్తూ నిలబడ్డాం. ఇద్దరిలో ఒక్కరికీ ఏ దారీ తోచలేదు. ఇంటికొచ్చి ట్రంకు పెట్టె తెరిచి, ఆయన బట్టలు ఒక వైపు, నా బట్టలు ఒక వైపు సర్దడం మొదలుపెట్టాను.

నూట పదో రోజు. బరువు తొంభై రెండు.

ఇవాళ మా ఆయన పొద్దున్నే బావుల జట్టు శిక్షణకి నాలుగో వీధికి వెళ్ళాడు. నేను కుట్టుకుంటూ కూర్చున్నాను. గుండీ కాజాలు, తల ఎత్తలేదు. ఎప్పటికో లేవబోతే నడుము కర్రలా బిగుసుకుపోయి ఉంది. ఈమధ్య ఇలా లేదే, ఇవాళేం వచ్చింది అనుకుంటూ అలమర వంక చూశాను. గ్లాసు లేదు.

గడియారం చూశాను. కూర్చుని రెండున్నర గంటలయింది.

అప్పుడు అర్థమైంది. అలమర దూరం ఎందుకో, గ్లాసు చిన్నది ఎందుకో, సగమే ఎందుకో. చెంబుతో తెచ్చి చేతికిస్తే నేను లేవను. గంట కొడితే లేవను. చెబితే వినను, రజియా చెప్పిన రోజు గుమ్మంలో నిలబడి చూశాడుగా. అందుకని దాహం వేసే మనిషికి ఎనిమిది అడుగుల దూరంలో నీళ్ళు పెట్టాడు. రోజుకి పదహారు సార్లు. పాతిక రోజులుగా.

ఒక్కమోత గౌరునాయుడు! ఒక చెంబు నీళ్ళని పదహారు విడతలుగా తెచ్చాడు, వీధి వీధంతా చూస్తుండగా. పంపు దగ్గర ఎంత నవ్వి ఉంటారో. నాకు ఒక్క మాట చెప్పలేదు. నేను తిడుతుంటే పడ్డాడు.

అలమర దగ్గర నిలబడి చాలాసేపు ఏడ్చాను. నిలబడే ఏడ్చాను, అదీ నడుముకి మంచిదే. ఏడుపు ఆగాక, కళ్ళు తుడుచుకుంటూ, పదహారు విడతలు, పదహారు విడతలు అని నాలో నేనే అనుకుంటుంటే తలలో ఏదో వెలిగింది. ధాన్యం గేటుకి వెళ్ళి నోటీసు మళ్ళీ చదివాను. మూడు సార్లు చదివాను. ఇంటికొచ్చి మిగిలిన గుడ్డతో రెండు చిన్న సంచులు కుట్టాను, భుజాలకి పట్టీలతో.

ఆయన వచ్చాక సంచుల సంగతి చెప్పలేదు. ఒక గ్లాసులో సగం నీళ్ళు పోసి ఆయన చేతికిచ్చాను. తాగి, గ్లాసు వంక చూసి, నా వంక చూసి, "తెలిసిపోనాదేటి?" అన్నాడు.

నూట ఇరవయ్యో రోజు. బరువు నూటికి నూరు.

పొద్దున్నే సైరన్ మోగింది. ఆఖరి పెంపు. గేటు దగ్గర పరీక్షకి కూర్చున్నది తవిటినాయుడు, నియమాల సంఘం పెద్ద. చిరునవ్వుకి కూడా సంతకం అడిగే మనిషి. కాటాలో నాకు పది కిలోలు తూచి ఇచ్చాడు. నేను అక్కడే కూర్చుని, రెండు సంచులూ తీసి, అయిదూ అయిదూ పోశాను. ఒకటి గేటు దగ్గర పెట్టి, ఒకటి భుజాలకి తగిలించుకున్నాను.

"అదేటమ్మా?"

"రెండు విడతలు తెస్తానండి."

జనం మెడలు సాచి చూశారు. నా చెవులు కాలిపోయాయి. యాభై ఆరేళ్ళ ఆచారం ఒంట్లో ఉంటుంది కదా, దాన్ని సంచిలా దించలేం.

"మోతంటే ఒక్క మోతే," అన్నాడు తవిటినాయుడు.

"నోటీసులో అలా రాసుందా అండీ? సదవండి."

చదివాడు. వెనక నుంచి రజియా కూడా చదివింది. పది కిలోలు చేర్చాలని ఉంది, పొద్దు లోపల అని ఉంది, ఎవరిది వాళ్ళే అని ఉంది. ఎన్ని విడతల్లో అని ఎక్కడా లేదు. రాసినవాళ్ళకి ఆ మాట రాయాలని కూడా తోచలేదు. మా చక్రంలో ఎవరికి తోస్తుంది?

తవిటినాయుడు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "కొత్తనేల మీదైతే రెండో సంచి కోసం ఖాళీగా ఎనక్కి రావాలి. మజ్జిన ఖాళీ చుట్టు కూడా తిరగాలి మరి. మూడు చుట్లు. ఆరు కిలోమీటర్లు."

"తిరుగుతానండి."

అప్పటికే మా ఆయన పది కిలోల బస్తా భుజాన వేసుకుని బయల్దేరబోతున్నాడు. ఆయనకది అరగంట పని. నా మాట విని ఆగాడు. బస్తా దించాడు. తవిటినాయుడి బల్ల మీద ఖాళీ సంచి ఒకటి తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, నెమ్మదిగా, గింజ కింద పడకుండా, తన ధాన్యాన్ని రెండుగా చేశాడు.

"గౌరునాయుడూ, నీకేటొచ్చింది?" అన్నాడు తవిటినాయుడు, మొదటిసారి మనిషిలా.

"నాకూ రెండు విడతలేనండి."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఏమయ్యేదో నాకు తెలీదు.

నడిచాం. మొదటి చుట్టు తేలిగ్గానే అయింది. ప్రతి వీధి తలుపు దగ్గరా ఆగి, వెల్లకిలా పడుకుని, కాళ్ళు గట్టు మీద పెట్టుకుని పదిసార్లు ఊపిరి తీశాను. నేను పడుకున్నప్పుడల్లా ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఖాళీ చుట్టులో చెయ్యి పట్టుకుని నడిచాం, ఖాళీ చేతులకి అంతకన్నా పనేముంది? మూడో చుట్టు మధ్యలో నడుము మొరాయించింది. దారం రీలు రోజు గుర్తొచ్చి భయమేసింది.

"మావా, నావల్ల కాదేమో."

ఆయన మొయ్యకూడదు, నియమం. మాటతో కూడా తొందరపెట్టలేదు. జేబులోంచి బుల్లి గ్లాసు తీసి, సీసాలోంచి సగం నీళ్ళు పోసి, ఎనిమిది అడుగులు ముందుకి నడిచి, గట్టు మీద పెట్టి నిలబడ్డాడు.

"అక్కడుంది. తాగు," అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వితే నడుము సడలింది. ఎనిమిది అడుగులు వేశాను. తాగాను. గ్లాసు తీసుకుని మళ్ళీ ఎనిమిది అడుగులు ముందుకి వెళ్ళాడు.

అలా ఎన్ని గ్లాసులయ్యాయో లెక్కపెట్టలేదు. సాయంత్రం గంటకి ఇంకా చాలా ఉండగానే ధాన్యం గేటు కనిపించింది. అక్కడ పొద్దున్న బస్తాలు మొయ్యలేక తలలు వంచుకుని కూర్చున్నవాళ్ళు ఎనిమిదిమంది ఉన్నారు. నన్ను చూసి ఒక ముసలామె తన బస్తా మూతి విప్పింది. పక్కాయన విప్పాడు. తవిటినాయుడు ఖాళీ సంచుల కట్ట వాళ్ళ ముందుకి జరిపాడు.

రెండు సంచులూ కాటా మీద పెట్టాం. పది కిలోలు. నా పేరు పక్కన టిక్కు పెట్టాడు, ఆయన పేరు పక్కనా పెట్టాడు.

ఇప్పుడు ఇంట్లో, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని, వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఇంతవరకూ తల పైకి చేతులెత్తి రాశాను. ఇక ఎత్తలేను. మిగతాది రాయమని పుస్తకం ఆయన ఒళ్ళో పడేశాను. నూట ఇరవై రోజుల్లో ఆయన దీన్ని ముట్టుకోవడం ఇది రెండోసారి. పెన్సిలు పట్టుకుని గంట నుంచి కూర్చున్నాడు.

*

గౌరునాయుడు రాస్తన్నాను. ఎడమ పేజీ బాగుంది. కుడి పేజీ నొప్పుంది గానీ నడిసింది. ఇంకేటి రాయాలో తెలీదు.

సూరీడు ఉంది. పక్కన ఉంది.